ట్వంటే నుంచి ఏరు దాటి ఆపరేషన్‌కి

గ్రూపులో ఎవరైనా "అమ్మకి ఆపరేషన్ అన్నారు" అని ఒక్క ముక్క పెడితే చాలు, పది నిమిషాల్లో నలభై జవాబులొస్తాయి. సగం మంది "ఇప్పుడొద్దు, ఆగమనండి" అంటారు. మిగతా సగం "మంచి హాస్పిటల్‌కి తీసుకెళ్ళమనండి" అంటారు. మామూలు రోజుల్లో ఆ రెండు మాటలతో పని నడిచిపోతుంది. కరోనా లాంటి మహమ్మారి ఊళ్ళో తిరుగుతున్నప్పుడు నడవదు. ఆగితే ఏమవుతుంది, ఎన్నాళ్ళు ఆగొచ్చు, వెళ్తే ఆ ఆస్పత్రిలో మన మనిషి ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్తుంది, ఎవరి పక్కన పడుకుంటుంది, అప్పుడు అడగాల్సినవి ఇవీ. ఆస్పత్రి పెద్దదా చిన్నదా అన్నది వీటి తర్వాతే.

ఈ సంగతి చెప్పడానికి ట్వంటేని తీసుకున్నాను. ఊరు చిన్నది, పెద్దాస్పత్రులు ఏటి అవతల. మనలో చాలామంది అమ్మానాన్నలుండే ఊళ్ళు ఇలాంటివే కదా. పేరు మారుతుంది, ఏరు మారుతుంది.

తెలియనివాళ్ళ కోసం: ట్వంటే అనగానే బర్మాలో పెరిగినవాళ్ళకి కుండలూ, నీళ్ళ జాడీలూ గుర్తొస్తాయి. యాంగోన్‌కి పడమటగా పాతిక కిలోమీటర్ల దూరం. మన పెద్దవాళ్ళ నోట అది ఇప్పటికీ రంగూనే. పన్సొడాన్ రేవులో లాంచీ ఎక్కి, నది దాటి డలాలో దిగి, అక్కణ్ణుంచి కారో మోటారుసైకిలో పట్టుకుంటే ట్వంటే. హ్లయింతాయా వైపు నుంచి చుట్టు రోడ్డు ఉంది. ఊరి పక్కనే బ్రిటిష్‌వాళ్ళు తవ్వించిన కాలువ, యాంగోన్ నదిని ఇరావతితో కలుపుతుంది. మన కోరంగి, విశాఖ, గంజాం వైపు నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళు రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో, డెల్టా పొలాల్లో పనిచేశారు. అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలని పిలిచింది అందుకే, కాస్త చిన్నచూపుతోనే పిలిచారనుకోండి. 1942లో నడిచొచ్చినవాళ్ళ కథలు, 1964 తర్వాత ఓడల్లో తిరిగొచ్చి విశాఖ బర్మా క్యాంపులో దిగినవాళ్ళ కథలు మన ఇళ్ళల్లో ఉన్నవే. అక్కడే ఉండిపోయినవాళ్ళ పిల్లలు, మనవలు ఇవాళ సింగపూర్లో, బ్యాంకాక్‌లో, ఇంకా దూరాల్లో ఉండి ఫోన్లో అమ్మ గొంతు వింటున్నారు.

బర్మాలో ప్రతి టౌన్‌షిప్‌కీ ఒక ప్రభుత్వాస్పత్రి. కాన్పులు, చిన్నపాటి ఆపరేషన్లు అక్కడ. చిక్కు కేసైతే యాంగోన్‌కి పంపుతారు. అంటే ట్వంటేలో ఒక పెద్దావిడకి పేగు మెలిపడితే, ఆపరేషన్ బల్ల దాకా వెళ్ళే దారిలో వాహనం, రేవు, లాంచీ, మళ్ళీ వాహనం, ఆస్పత్రి గేటు దగ్గర వరస, అన్నీ ఉన్నాయి. మహమ్మారిలో వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో ప్రమాదం.

ఇక ఆ రెండేళ్ళూ ఎలా గడిచాయంటే. మయన్మార్ మొదటి కేసులు ప్రకటించింది 2020 మార్చి 23న. ఆగస్టు సగం దాకా దేశం మొత్తం మీద నాలుగు వందలు కూడా లేవు. తర్వాత రఖైన్‌లోని సిత్వే నుంచి రెండో అల లేచింది, సెప్టెంబరుకల్లా యాంగోన్ మీద పడింది, ఏడాది చివరికి లెక్క లక్ష దాటేసింది. పాజిటివ్ వస్తే జబ్బు లేకపోయినా మొదట్లో అందర్నీ చేర్చుకునేవారు. అందుకని తువన్న ఫుట్‌బాల్ మైదానంలో బెడ్లు వేశారు, హ్లేగూ దగ్గర ఫౌంజీలో ప్రభుత్వోద్యోగుల శిక్షణ కేంద్రాన్ని కరోనా కేంద్రం చేశారు. ఇలా బయట వేరే చోటు పెట్టడం ఆపరేషన్ రోగులకి ఒకందుకు మంచిదే, అంటు ఉన్నవాళ్ళు జనరల్ వార్డులకి దూరంగా ఉంటారు. కానీ బెడ్లు కొత్తవి వేయగలరు గానీ నర్సుల్ని కొత్తగా పుట్టించలేరు. ఇటు వార్డులోంచి తీసే అటు పంపాలి.

2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం తీసుకుంది. రెండు రోజులు తిరక్కుండా ప్రభుత్వాస్పత్రుల్లోని డాక్టర్లు, నర్సులు ఎంతోమంది నిరసనగా విధులు మానేశారు. తర్వాత అరెస్టులు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది ఇక్కడ తేల్చబోవడం లేదు గానీ, ఒక ఆపరేషన్‌కి కనీసం ఎంతమంది కావాలో లెక్కేసుకోండి. సర్జన్, మత్తు డాక్టరు, ఇద్దరు థియేటర్ నర్సులు, రక్తం బ్యాంకు మనిషి, తర్వాత రాత్రంతా చూసుకునే వార్డు నర్సు. ఇందులో ఒక్కరు తగ్గినా ఆపరేషన్ ఆగుతుంది. అలాంటి స్థితిలోనే జూన్, జులైల్లో మూడో అల వచ్చింది. యాంగోన్‌లో జనం ఖాళీ ఆక్సిజన్ సిలిండర్లు పట్టుకుని వరసల్లో నిలబడ్డారు. తిండికోసమో మందులకోసమో సాయం కావాలని ఇళ్ళ ముందు పసుపు, తెల్ల జెండాలు కట్టారు. రాత్రి కర్ఫ్యూ సరేసరి. ఏటికి అవతల ఉన్నవాళ్ళకి అర్ధరాత్రి నొప్పులొస్తే ఏమిటన్నది ఊహించుకోండి.

ఇప్పుడు అసలు విషయం. కరోనాకీ ఆపరేషన్‌కీ ఎందుకు పడదు?

మొదటి హెచ్చరిక ఊహాన్ నుంచే వచ్చింది. 2020 జనవరి మొదటి నుంచి ఫిబ్రవరి 5 దాకా అక్కడి ఆస్పత్రుల్లో 34 మందికి మామూలుగా ముందే రాసుకున్న ఆపరేషన్లు జరిగాయి. వాళ్ళలో అప్పటికే వైరస్ ఉంది, పైకి ఏ లక్షణమూ లేదు. ఆపరేషన్ అయ్యాక అందరికీ న్యుమోనియా వచ్చింది. 15 మంది ఐసీయూకి వెళ్ళారు, ఏడుగురు చనిపోయారు. చిన్న లెక్కే, కానీ చదివిన ప్రతి సర్జనూ ఉలిక్కిపడ్డాడు. మరి కొన్ని నెలలకి 24 దేశాల్లోంచి 1,128 మంది రోగుల వివరాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఆపరేషన్‌కి కాస్త ముందో తర్వాతో కరోనా తేలినవాళ్ళు వీళ్ళు. సగం మందికి ఊపిరితిత్తుల్లో తేడా వచ్చింది, నెల రోజుల్లో నూటికి దాదాపు 24 మంది పోయారు. వీళ్ళలో ముప్పావు వంతు మంది అత్యవసరంగా బల్లెక్కినవాళ్ళు, కాబట్టి అన్ని ఆపరేషన్లకీ ఈ అంకె అంటగట్టకూడదు. అయినా చిన్న అంకె కాదు.

కారణం వింటే అర్థమవుతుంది. కోత పడగానే ఒంట్లో మంట లేస్తుంది, పోరాడే శక్తి కొన్నాళ్ళు అటు మళ్ళుతుంది. పూర్తి మత్తిస్తే గొంతులోకి గొట్టం వెళ్తుంది, ఊపిరితిత్తుల అడుగు భాగాలు నలుగుతాయి. తర్వాత నొప్పికి దగ్గలేరు, గట్టిగా ఊపిరి పీల్చలేరు, మంచం దిగరు. మామూలు మనిషికే ఇవన్నీ ఊపిరితిత్తులకి పరీక్ష. లోపల కరోనా కూడా ఉంటే చెప్పేదేముంది. పైగా కరోనా రక్తాన్ని చిక్కబరుస్తుంది, మంచం పట్టినవాళ్ళకి కాళ్ళలో గడ్డకట్టే ప్రమాదం ఎలాగూ ఉంది.

ఇదంతా చదివి "అయితే ఆపేద్దాం" అనుకోవడం సులువు. ప్రపంచమంతా అలాగే అనుకుంది. మొదటి అల ఉధృతంగా ఉన్న 12 వారాల్లో 2 కోట్ల 80 లక్షలకి పైగా ఆపరేషన్లు వాయిదా పడతాయనో రద్దవుతాయనో అంచనా కట్టారు. వాటిలో ఎక్కువ భాగం మోకాళ్ళు, హెర్నియాలు, శుక్లాలు. కానీ క్యాన్సర్‌వి కూడా ఉన్నాయి. రొమ్ములో గడ్డకి "కరోనా తగ్గాక రండి" అన్న మాట ఎంత ఖరీదైనదో మన గ్రూపులో కొందరికి తెలుసు.

కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: ఆగుతుందా, ఆగదా? పగిలిన అపెండిక్స్, బిగుసుకుపోయి లోపలికి పోని హెర్నియా, మెలిపడ్డ పేగు, ట్యూబులో పెరిగిన గర్భం, అడ్డం తిరిగిన బిడ్డ, ఇవి గంటల లెక్క. పాజిటివ్ అయినా నెగటివ్ అయినా, రిపోర్టు రాకపోయినా, ఆపరేషన్ చెయ్యాల్సిందే. రిపోర్టు రానివాళ్ళని పాజిటివ్ అనుకునే జాగ్రత్తలు తీసుకుంటారు, అంతే తేడా. క్యాన్సర్ గడ్డలు వారాల లెక్క. కొన్నింటికి ముందు మందులిచ్చి కొంత కాలం నెట్టుకురావచ్చు, అది క్యాన్సర్ డాక్టరే చెప్పాలి. శుక్లాలు, మోకాలు మార్పిడి, నొప్పి రాని పిత్తాశయం రాళ్ళు, పడుకుంటే లోపలికి పోయే హెర్నియా నెలల లెక్క. ఈ చివరి వరసలో ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట చెప్పి ఉంచాలి: ఏ గుర్తు కనబడితే "ఇక ఆగదు" అనుకోవాలో. ఉబ్బిన హెర్నియా లోపలికి పోకుండా నొప్పి, వాంతులు మొదలైతే పరుగెత్తాలి. రాళ్ళున్నవాళ్ళకి జ్వరం వచ్చి కళ్ళు పచ్చబడితే పరుగెత్తాలి. వాయిదా వేసిన డాక్టరు ఇది చెప్పకపోతే ఫోన్ చేసి మరీ అడగండి. ట్వంటే లాంటి చోట ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ "పరుగెత్తడం" అంటే ముందు లాంచీ సంగతి చూడాలి. చీకటి పడ్డాక మొదలైన నొప్పిని తెల్లారేదాకా ఓర్చుకునే అలవాటు మన ఆడవాళ్ళకి ఎక్కువ. మధ్యాహ్నమే నోరు విప్పమని చెప్పండి.

కరోనా వచ్చి తగ్గినవాళ్ళ సంగతి వేరు. ఎన్నాళ్ళకి ఆపరేషన్ చేయించుకోవచ్చు? 116 దేశాల్లో లక్షా నలభై వేల మంది రోగుల్ని చూసి 2021 మార్చిలో ఒక జవాబు చెప్పారు: ఆగగలిగిన ఆపరేషనైతే ఏడు వారాలు ఆగండి. ఆ లోపల చేసినవాళ్ళలో చావులు ఎక్కువ, ఏడు వారాలు దాటాక మామూలు స్థాయికి దిగాయి. ఇంకా ఆయాసం, దగ్గు మిగిలి ఉన్నవాళ్ళు మరికొంత ఆగడం మేలని కూడా అందులోనే తేలింది. ఆ లెక్క టీకాలు అందరికీ రాకముందుది. టీకాలు, ఒమిక్రాన్ వచ్చాక డాక్టర్లు ఈ గడువుని కొంత సడలించారు, మనిషిని బట్టి రెండు వారాలకే ఒప్పుకున్న సందర్భాలున్నాయి. అందుకే కరోనా ఏ తేదీన తేలిందో, టీకాలు ఎప్పుడెప్పుడు పడ్డాయో రాసి ఉంచుకోవడం చిన్న పని కాదు. "పోయిన వానాకాలంలో వచ్చిందమ్మా" అంటే మత్తు డాక్టరు లెక్క వేయలేడు.

రెండో ప్రశ్న గుమ్మం గురించి. దీనికి మన హైదరాబాదు అనుభవం చూస్తే బాగా అర్థమవుతుంది.

2020లో సికింద్రాబాదు గాంధీ ఆస్పత్రిని పూర్తిగా కరోనాకే కేటాయించారు. కరోనా ఉన్న గర్భిణులకి అక్కడే కాన్పులు, సిజేరియన్లు. మే నెల నుంచి అలా పుట్టిన పిల్లలు వందలమంది. ఒకే ఆస్పత్రి, అందరూ పాజిటివ్, సిబ్బంది అందరూ కవచాల్లోనే. తికమక లేదు. కానీ గాంధీకి రోజూ వచ్చే మిగతా పేదరోగులు ఎక్కడికెళ్ళాలి? భారమంతా ఉస్మానియా మీద పడింది. అదే జులైలో కురిసిన వానకి ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి నీళ్ళొచ్చాయి, ఆ భవనం ఖాళీ చేయించారు. నవంబరులో గాంధీలో మళ్ళీ మామూలు వైద్యం మొదలయ్యేదాకా ఆ ఇబ్బంది తీరలేదు. ఒక గుమ్మం శుభ్రంగా విడదీస్తే ఇంకో గుమ్మం దగ్గర తొక్కిసలాట అవుతుందన్నమాట. పైనుంచి ఆదేశాలు ఇచ్చేవాళ్ళు ఈ రెండో గుమ్మాన్ని తరచూ మర్చిపోతారు.

2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు మాత్రం పని కాస్త తెలివిగా జరిగిందని నాకనిపిస్తుంది. ఆ ఫంగస్ ముక్కులోంచి కంటికీ మెదడుకీ పాకుతుంది, చచ్చిన భాగాన్ని త్వరగా తీసెయ్యాలి, ఏడు వారాలంటూ కూచుంటే మనిషి మిగలడు. తెలంగాణలో దారి ఇలా విడదీశారు: ఇంకా కరోనా ఉన్నవాళ్ళు గాంధీకి, తగ్గినవాళ్ళు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి, కంటి వైద్యం కావాలంటే సరోజినీదేవి కంటి ఆస్పత్రి డాక్టర్లు. మందు ఇంజెక్షన్లకి కటకట వచ్చింది, అది నిజం. కానీ రోగి ఏ గుమ్మానికి వెళ్ళాలో మొదటి రోజు నుంచీ తెలిసింది.

ఇలా విడదీస్తే ఎంత లాభమో లెక్క కూడా ఉంది. 55 దేశాల్లో క్యాన్సర్ ఆపరేషన్లు చేయించుకున్న 9,171 మందిని చూశారు. కరోనా రోగులు అడుగుపెట్టని దారిలో, అంటే థియేటరూ, ఐసీయూ, వార్డూ మూడూ వేరుగా ఉన్నచోట, ఊపిరితిత్తుల చిక్కులు నూటికి 2.2 మందికి వచ్చాయి. కలిపేసిన చోట 4.9 మందికి. సగం కంటే తక్కువ. దీనికి కోట్ల ఖరీదు మిషన్లు అక్కర్లేదు. వేరే తలుపు, వేరే మెట్లు, వేరే నర్సులు, వేరే బాత్రూము. ఏ ట్వంటేలోనైనా, ఏ టెక్కలిలోనైనా అంతో ఇంతో చెయ్యొచ్చు. కాకపోతే ఎవరో ఒకరు నిలబడి చేయించాలి. రెండు వార్డులకీ ఒకే ట్రాలీ తిరుగుతుంటే తలుపులు వేరుగా ఉండి ప్రయోజనమేముంది?

అందుకని ఫోన్లో అడిగేటప్పుడు "మీ ఆస్పత్రిలో కరోనా జాగ్రత్తలున్నాయా" అని అడక్కండి. ఉన్నాయనే అంటారు. "జ్వరం వాళ్ళు ఏ తలుపులోంచి వస్తారు? ఆపరేషన్ వాళ్ళు ఏ తలుపులోంచి? ఐసీయూ ఒకటేనా, రెండున్నాయా? రాత్రి డ్యూటీ నర్సు రెండు వార్డులూ చూస్తుందా?" అని అడగండి. తడుముకుంటే తెలిసిపోతుంది.

థియేటరు లోపల ఏం మారుతుందో కూడా చెప్పుకుందాం, మనకి వంటింటి అనుభవం ఉంది కాబట్టి సులువే. ఎండుమిరపకాయల తాలింపు వేస్తే ఘాటు ఎక్కడికెళ్తుంది? పొయ్యి దగ్గరే ఉండదు, హాల్లో కూచున్న మామగారు కూడా దగ్గుతారు. కిటికీ తీసి ఉంటే ఒకలా, ఫ్యాను ఇంట్లోకి తోస్తుంటే ఇంకోలా. గొంతులోకి గొట్టం వేసేటప్పుడు, తీసేటప్పుడు రోగి ఊపిరిలోంచి లేచే సన్నటి తుంపర అచ్చం ఆ ఘాటు లాంటిదే.

మామూలుగా ఆపరేషన్ థియేటర్లో గాలి లోపలి నుంచి బయటికి తోసేలా అమర్చుతారు, కారిడార్ దుమ్ము కోత మీద పడకూడదని. మంచి ఏర్పాటే. కానీ బల్ల మీద కరోనా రోగి ఉంటే అదే గాలి వైరస్‌ని కారిడార్‌లోకి తోస్తుంది. సింగపూర్ పెద్దాస్పత్రుల్లో అందుకే ఒక మూల థియేటర్‌ని, వేరే దారి ఉన్నదాన్ని, గాలి లోపలికే లాగేలా మార్చి కరోనా రోగులకి ఉంచారు. వాళ్ళకి ఆ భయం 2003 నుంచీ ఉంది. సార్స్ వచ్చినప్పుడు సింగపూర్ జనరల్ హాస్పిటల్లో పనిచేసే రక్తనాళాల సర్జన్ డాక్టర్ అలెగ్జాండర్ చావో ఆ జబ్బుతోనే పోయాడు, నలభై ఏళ్ళు కూడా లేవు.

చిన్నాస్పత్రిలో గాలి మిషన్లుండవు, గోడకో ఏసీ ఉంటుంది. ఆ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, మార్చదు. అక్కడ చెయ్యగలిగింది సమయం ఇవ్వడం. అమెరికా సీడీసీ లెక్క ప్రకారం గంటకి 15 సార్లు గాలి మారే గదిలో తుంపర నూటికి 99 వంతులు పోవడానికి 18 నిమిషాలు పడుతుంది. ఆరుసార్లే మారితే 46 నిమిషాలు. అంతకంటే తక్కువ మారే గదిలో ఇంకా ఎక్కువ. అందుకే గొట్టం వేసేటప్పుడు గదిలో మత్తు డాక్టరూ, సాయం మనిషీ తప్ప మిగతావాళ్ళు బయటుంటారు, కాసేపాగి వస్తారు. ఒక కేసుకీ ఇంకో కేసుకీ మధ్య గది ఖాళీగా వదిలేస్తారు. రోజుకి ఎనిమిది ఆపరేషన్లు అయ్యేచోట మూడే అయ్యాయంటే బద్ధకం కాదు, ఇదీ కారణం. బయట బెంచీ మీద కూచున్న మనకి విసుగొస్తుంది గానీ, ఆ ఖాళీ గంట మన మనిషి కోసమే.

వీలైనచోట నడుములో సూదితో మత్తిస్తారు. గొంతులో గొట్టం అక్కర్లేదు, ఊపిరితిత్తులకీ మేలు, సిబ్బందికీ మేలు. సిజేరియన్‌కి ఎలాగూ అదే వాడుక. ఇక్కడ కోడళ్ళ తరఫున ఒక మాట. కరోనా ఉన్న తల్లి నుంచి బిడ్డని విడదీయాలని మొదట్లో చాలాచోట్ల గట్టిగా పట్టుబట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అలా చెప్పలేదు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వొచ్చు, బిడ్డని పక్కనే ఉంచుకోవచ్చు అంది. అత్తగారు ఒప్పుకోకపోతే ఈ మాట చూపించండి.

పాజిటివ్ రోగిని ఆపరేషన్ అయ్యాక నలుగురూ ఉండే రికవరీ గదికి పంపకుండా, తెలివొచ్చేదాకా థియేటర్లోనే ఉంచి తిన్నగా వేరే వార్డుకి తీసుకెళ్తారు. లిఫ్టు, దారి ముందే ఖాళీ చేయిస్తారు. ఈ సమయమంతా లోపల ఏమవుతోందో బయటివాళ్ళకి తెలీదు. దూరదేశంలో ఫోన్ పట్టుకుని కూచున్నవాళ్ళకి ప్రాణం పోయినట్టే ఉంటుంది. ముందు రోజే ఒప్పందం చేసుకోండి: ఎవరు ఫోన్ చేస్తారు, సుమారు ఎన్నింటికి, ఎవరికి చేస్తారు. ఒక్కరికే. ఆ ఒక్కరు మిగతావాళ్ళకి చెప్పాలి. పదిమంది పది దేశాల నుంచి నర్సుకి ఫోన్ చేస్తే ఆవిడ పని ఎప్పుడు చేస్తుంది?

ఇక మన వైపు కష్టమైన సంగతి, తోడుండే మనిషి. మన ఆస్పత్రుల్లోనూ, బర్మాలోనూ ఇంటి మనిషి లేనిదే రోగికి రోజు గడవదు. మందులు తెచ్చేది, తినిపించేది, బాత్రూముకి తీసుకెళ్ళేది వాళ్ళే. ఒక్కర్నే ఉండమంటే పొద్దున కూతురు, మధ్యాహ్నం కోడలు, రాత్రి మనవడు, "ఒక్కరే కదా ఉన్నది" అంటారు. మూడు ఇళ్ళ గాలి మోసుకొచ్చినట్టే అది. ఒక్కరంటే ఒకే మనిషి, మొదటి రోజు నుంచి డిశ్చార్జి దాకా. షుగరూ బీపీ లేనివాళ్ళు, టీకాలు పడ్డవాళ్ళు, సంతకం పెట్టగలిగినవాళ్ళు, డాక్టరు చెప్పింది రాసుకోగలిగినవాళ్ళు అయితే మేలు. "పెద్దకోడలు ఉండాలి, లేకపోతే బాగోదు" లాంటి మర్యాదలు ఆ పదిరోజులూ పక్కన పెట్టాలి.

పరామర్శ మరీ పెద్ద చిక్కు. హార్లిక్స్ సీసా, బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి రాకపోతే ఏమనుకుంటారోనని వీధంతా వస్తుంది. ట్వంటే నుంచైతే ఒక్క పరామర్శకి రానూ పోనూ రెండు లాంచీల జనం మధ్య నిలబడాలి, తర్వాత ఆ ఊపిరితోనే కొత్తగా కోత పడ్డ మనిషి మొహం మీదికి వంగాలి. పరామర్శ మానమని ఊళ్ళో ఉన్నవాళ్ళు చెప్పలేరు, వాళ్ళకి రేపు మొహాలు చూసుకోవాలి. అది చెప్పాల్సింది దూరంగా ఉన్న మనమే. "డాక్టరు గట్టిగా వద్దన్నారు పిన్నీ, వైబర్లో చూపిస్తాను" అని మనం అంటే ఎవరూ పట్టించుకోరు, ఫారిన్ వాళ్ళు ఇంతే అనుకుని వదిలేస్తారు. ఆ పేరు మన మీద పడ్డా నష్టం లేదు.

డబ్బు గురించి కూడా ఒక ముక్క. 2021లో యాంగోన్‌లో బ్యాంకుల్లో డబ్బుండి కూడా చేతికి నోట్లు రాని రోజులున్నాయి, ఏటీఎంల ముందు తెల్లారుజాము నుంచే వరసలు. ప్రభుత్వాస్పత్రులు సిబ్బంది లేక బోసిపోతే జనం ప్రైవేటుకీ, ధర్మాస్పత్రులకీ వెళ్ళారు. బయటినుంచి పంపేవాళ్ళు మొత్తం ఒకేసారి ఆపరేషన్ రోజున పంపుదామనుకోవద్దు. అడ్వాన్సు, పరీక్షలు, కవచాల ఖర్చు, ఆక్సిజన్ వాడితే రోజుకెంత, ఐసీయూకి మారిస్తే ఎంత, ఇవన్నీ విడివిడిగా అడిగి, కొంత నోట్ల రూపంలో ఇంట్లో ఉండేలా ముందే చూడాలి. ఒకప్పుడు రంగూన్లో మనవాళ్ళకి రామకృష్ణ మిషన్ ఆస్పత్రి పెద్ద దిక్కు, పైసా లేకపోయినా చూసేవారని పెద్దవాళ్ళు చెప్తారు. 1960లలో ప్రభుత్వం తీసేసుకుంది.

ఆస్పత్రికి పట్టుకెళ్ళాల్సిన కాగితం ఒకటి ఇంట్లో ఇప్పుడే తయారుచేసి పెట్టండి, ఏ జబ్బూ లేకపోయినా. వాడే మందుల పేర్లు, మోతాదు, ఏ మందు పడదు, రక్తం గ్రూపు, ఇదివరకటి ఆపరేషన్లు, కరోనా తేదీ, టీకాల తేదీలు. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంటే దాన్ని పెద్ద అక్షరాల్లో రాయాలి. బర్మాలో అయితే బర్మా లిపిలో ఒక కాపీ, ఇంగ్లీషులో ఒకటి. తెలుగులో రాసిన చీటీ అమ్మకి అర్థమవుతుంది గానీ యాంగోన్ డాక్టరుకి కాదు కదా.

ఆపరేషన్ బాగా జరిగిందని ఫోనొచ్చాక మనం ఊపిరి పీల్చుకుంటాం. జాగ్రత్త అసలు అప్పుడే మొదలవ్వాలి. ఊపిరితిత్తుల చిక్కులు చాలావరకు తర్వాతి రోజుల్లోనే బయటపడతాయి. జ్వరం వస్తే అందరూ కుట్టు వైపే చూస్తారు, చీము పట్టిందేమోనని. మహమ్మారి కాలంలో కుట్టుతో పాటు ఊపిరినీ చూడాలి, మళ్ళీ పరీక్ష చేయించాలి. ఆపరేషన్ ముందు నెగటివ్ వచ్చింది కదా అనొద్దు. ఊహాన్‌లో ఆ 34 మందీ ఆపరేషన్ రోజున బాగానే ఉన్నారు. వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఒకటి పెట్టెలో పెట్టండి. పొద్దున, సాయంత్రం, గోళ్ళరంగు లేని వేలికి, చేతులు వెచ్చగా ఉన్నప్పుడు. 94 కంటే దిగితే నర్సుకి చెప్పాలి, "మిషన్ తప్పేమో" అనుకుని రాత్రంతా ఆగకూడదు.

మనవాళ్ళకి ఆపరేషన్ అంటే మంచం. "కదలకు, కుట్లు ఊడిపోతాయి" అని నలుగురూ పట్టి పడుకోబెడతారు. డాక్టరు లేవమన్న గంట నుంచీ లేచి కూచోబెట్టాలి, పట్టుకుని నడిపించాలి. కుట్టు మీద చిన్న దిండు అదిమి పట్టుకుని దగ్గమనాలి, అప్పుడు నొప్పి తగ్గుతుంది. గంటకోసారి పదిసార్లు నిండా ఊపిరి పీల్చి, కాస్త ఆపి వదలాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే, రక్తం గడ్డ అనుమానించాలి, నూనె రాసి తోమకూడదు.

డిశ్చార్జి వీలైనంత త్వరగా అడగండి, ఇంట్లో చూసుకోగలిగితే. వార్డులో గడిపే ప్రతి రాత్రీ పక్కవాళ్ళ గాలి పీల్చే రాత్రే. ట్వంటే వెళ్ళాల్సినవాళ్ళు రద్దీ లేని పూట లాంచీ చూసుకోవాలి, పై డెక్ మీద గాలి తగిలేచోట కూచోబెట్టాలి, లేదంటే డబ్బు ఎక్కువైనా చుట్టు రోడ్డున కారులో కిటికీలు దించుకుని వెళ్ళాలి. కుట్లు విప్పడానికి మళ్ళీ ఏరు దాటి యాంగోన్ రానక్కర్లేదు, ట్వంటే ఆస్పత్రిలోనే విప్పించుకోవచ్చేమో అడిగి, ఆ మాట డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఈలోగా గాయం ఫోటో రోజూ ఒకే వేళకి, పగటి వెలుతురులో, ఒకే దూరం నుంచి తీసి పంపమనండి. బల్బు కింద తీస్తే ఎరుపు తెలియదు.